బ్రాంప్టన్‌లో ఉండాలా, కాల్గరీ వెళ్ళాలా: ప్రావిన్స్ క్రెడిట్లు, పిల్లల డబ్బుల లెక్క

మీరు రాసినదాన్నిబట్టి పరిస్థితి ఇదీ. 2024 ఫిబ్రవరిలో వర్క్ పర్మిట్ మీద ఒంటారియో ప్రావిన్స్‌లోని బ్రాంప్టన్ వచ్చారు. మీ ఆవిడ, పిల్లలు అదే ఏడాది డిసెంబర్‌లో వచ్చారు. పెద్దాడికి ఏడేళ్ళు, పాపకి మూడు. మీ జీతం ఏడాదికి 78 వేల డాలర్లు, ఆవిడ ఇంకా ఉద్యోగంలో చేరలేదు. ఆల్బర్టా ప్రావిన్స్‌లోని కాల్గరీకి మారిన మీ ఫ్రెండ్‌కి మీకన్నా మూడు వేలు ఎక్కువ రిఫండ్ వచ్చింది. మీ బేస్‌మెంట్ పక్క గదిలో ఉండే స్టూడెంట్ కుర్రాడికి నెలనెలా ట్రిలియం (ఒంటారియో ఇచ్చే బెనిఫిట్) పడుతోంది. మీకు మాత్రం ఏదీ రాలేదు, పిల్లల డబ్బుల సంగతి అడిగితే "మీ మిసెస్‌కి 18 నెలలు నిండాలి, వచ్చే జులై దాకా ఆగండి" అన్నారు. ఆల్బర్టా వెళ్ళిపోదామా అని అడుగుతున్నారు.

టాక్స్ సీజన్లో ఇక్కడ మనవాళ్ళకి రిటర్నులు వేసి పెడుతుంటాను కాబట్టి చెప్తున్నా, మీ ప్రశ్నలో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. అన్నిటికన్నా అర్జంటుది చివర అడిగిన పిల్లల డబ్బులు, దానితోనే మొదలుపెడతాను.

కెనడా చైల్డ్ బెనిఫిట్, అందరూ సీసీబీ అనేది, పీఆర్ (శాశ్వత నివాసం) లేనివాళ్ళకి కూడా వస్తుంది. షరతు ఏమిటంటే టెంపరరీ రెసిడెంట్‌గా అంతకుముందు 18 నెలలు కెనడాలో నివాసం ఉండాలి, 19వ నెలలో చెల్లే పర్మిట్ చేతిలో ఉండాలి. ఇంతవరకూ మీకు చెప్పినవాళ్ళు కరెక్టే. తప్పు ఎక్కడంటే, ఈ 18 నెలలు అప్లై చేసే తల్లికే నిండాలని లేదు. ఆవిడకైనా, కలిసి ఉంటున్న భర్తకైనా, ఇద్దరిలో ఒకరికి నిండితే చాలు. ఒకే ఇంట్లో తల్లి ఉంటే పిల్లల్ని ప్రధానంగా చూసుకునేది ఆవిడే అని సీఆర్‌ఏ, అంటే కెనడా టాక్స్ శాఖ, అనుకుంటుంది కాబట్టి ఫారం ఆవిడ పేరు మీద వేస్తాం, దాంతో నెలల లెక్క కూడా ఆవిడ వచ్చిన తేదీ నుంచే అని జనం అనేసుకుంటారు. మీరు 2024 ఫిబ్రవరిలో వచ్చారు. 2025 ఆగస్టుతో మీకు 18 నెలలు నిండాయి. అంటే సెప్టెంబర్ నుంచే మీ కుటుంబం అర్హులు. వచ్చే జులై దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే వేయండి, సెప్టెంబర్ నుంచి బకాయి లెక్కగట్టి ఇస్తారు. మధ్యలో మూడు వారాలు సెలవు మీద ఊరెళ్ళి వచ్చానే అని టెన్షన్ పడకండి. ఉద్యోగం, అద్దె ఇల్లు ఇక్కడే పెట్టుకుని సెలవుకి వెళ్ళొస్తే నివాసం తెగిపోయినట్టు కాదు. ఇంకొకటి, పీఆర్ వచ్చేస్తే ఈ 18 నెలల గొడవే ఉండదు.

ఎంత వస్తుంది? 2025 జులై నుంచి 2026 జూన్ దాకా నడిచే బెనిఫిట్ సంవత్సరానికి 2024 ఆదాయం చూస్తారు. ఆరేళ్ళ లోపు పిల్లకి గరిష్ఠంగా ఏడాదికి 7,997 డాలర్లు, ఆరు నుంచి పదిహేడేళ్ళ పిల్లాడికి 6,748. మీ ఇద్దరికీ కలిపి 14,745. కుటుంబ నికర ఆదాయం 37,487 దాటిన దగ్గర్నుంచి ఇందులో కోత మొదలవుతుంది. ఇద్దరు పిల్లలుంటే దాటిన ప్రతి డాలర్‌కీ 13.5 సెంట్లు, అది 81,222 దాకా. ఆ పైన కోత 5.7 సెంట్లకి తగ్గుతుంది.

2024లో మీకు ఇక్కడ 68 వేలు వచ్చిందనుకుందాం. ఇక్కడితో అయిపోలేదు. మీరు ఫిబ్రవరిలో విమానం ఎక్కే ముందు ఇండియాలో తీసుకున్న జనవరి జీతం, మీ ఆవిడ బయల్దేరే దాకా అక్కడ స్కూల్లో సంపాదించింది కూడా ఈ లెక్కలోకి వస్తాయి. వాటి మీద కెనడా టాక్స్ వేయదు, కానీ బెనిఫిట్ లెక్కకి కావాలి. రెండూ కలిపి నాలుగు లక్షల రూపాయలు అనుకుంటే సుమారు 6,500 డాలర్లు. మొత్తం 74,500. కోత దాదాపు 4,997, మిగిలేది 9,748. అంటే నెలకి 812 డాలర్లు, దీని మీద టాక్స్ లేదు. 2025 సెప్టెంబర్ నుంచి 2026 ఫిబ్రవరి దాకా ఆరు నెలల బకాయే 4,800 పైన ఉంటుంది. ఆల్బర్టా రిఫండ్ మూడు వేలు చూసి అసూయపడుతున్నారు గానీ, మీ డబ్బు ఇక్కడే ఆగి ఉంది.

వేయాల్సినవి ఆర్‌సీ66 ఫారం, దానికి జతగా ఇమిగ్రేషన్ స్టేటస్, ఆదాయం రాసే షెడ్యూల్. ఇండియా ఆదాయం రాసేది ఈ షెడ్యూల్‌లోనే, డాలర్లలోకి మార్చి రాయాలి. సున్నా అయితే సున్నా అని రాయండి, గడి ఖాళీగా వదిలేస్తే ఉత్తరం వస్తుంది, ఆ ఉత్తరానికి జవాబు, దానికి మళ్ళీ జవాబు, ఇలా నెలలు పోతాయి. ఇద్దరి పర్మిట్ల కాపీలు, పిల్లలు కెనడా బయట పుట్టారు కాబట్టి బర్త్ సర్టిఫికెట్లు పెట్టాలి. మన దగ్గర ఇక్కడే ఒక తలనొప్పి. మున్సిపాలిటీ ఇచ్చిన సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు విప్పి రాసి ఉంటుంది, కొందరికైతే సర్‌నేమ్ గడే ఖాళీ. ఇక్కడ కాగితాలు చూసేవాళ్ళకి ఇద్దరూ ఒకరేనని తెలియదు. పాస్‌పోర్టులో తల్లిదండ్రుల పేర్లున్న పేజీ కూడా జత చేసి, రెండు ముక్కల్లో కవరింగ్ లెటర్ పెట్టండి.

మీ ఆవిడ 2024 రిటర్న్ వేశారా? రాసినదాన్నిబట్టి వేసినట్టు లేదు. "ఆవిడకి ఇక్కడ ఆదాయం లేదుగా" అని మనవాళ్ళు వదిలేసేది ఇదే. ఆదాయం సున్నా అయినా ప్రతి ఏడాదీ ఇద్దరూ రిటర్న్ వేయాలి. ఒక్కరు వేయకపోయినా కుటుంబ ఆదాయం తేలదు, జులైలో డబ్బు ఆగిపోతుంది. 2024ది ఇప్పుడు వేసేయండి, 2025దానికి గడువు 2026 ఏప్రిల్ 30.

ఇక ట్రిలియం. ఒంటారియో ట్రిలియం బెనిఫిట్ అనేది ఒక్క పథకం కాదు. సేల్స్ టాక్స్ క్రెడిట్, ఇంధనం - ఇంటిపన్ను క్రెడిట్, ఉత్తర ఒంటారియో వాళ్ళకి ఇంధన క్రెడిట్, ఈ మూడూ కలిపి ఒకే పేరుతో నెల పదో తారీఖున వేస్తారు. ఏడాది మొత్తం 360 డాలర్లు మించకపోతే జులైలో ఒకేసారి పడుతుంది. సేల్స్ టాక్స్ భాగానికి రిటర్న్ వేస్తే చాలు. రెండో భాగానికి మాత్రం రిటర్న్‌తో పాటు ఆన్-బెన్ అనే ఫారం నింపాలి, కట్టిన అద్దె, అడ్రస్, ఓనర్ పేరు రాయాలి. సాఫ్ట్‌వేర్‌లో "అప్లై చేస్తారా" అని ఒక చిన్న గడి ఉంటుంది, అది టిక్ చేయక పోగొట్టుకునేవాళ్ళు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. అద్దెలో 20 శాతాన్ని ఇంటి ఖర్చుగా తీసుకుంటారు. బేస్‌మెంట్ ఓనర్ రసీదు ఇవ్వనంటున్నాడా, ఈ-ట్రాన్స్‌ఫర్ రికార్డులు దాచుకోండి, సీఆర్‌ఏ అడిగితే చూపించాలి. నగదు ఇస్తే వంద తగ్గిస్తానన్న ఓనర్ల మాట వినకండి, తర్వాత మీ దగ్గర ఏ ఆధారమూ ఉండదు.

మీ పక్క గది కుర్రాడికి వస్తోందంటే అతనికి ఆదాయం తక్కువ, అద్దె కడుతున్నాడు, పద్ధతిగా రిటర్న్ వేశాడు. దీనికి పీఆర్ అవసరం లేదు. మీ విషయంలో ఫారం నింపినా పెద్దగా ఏమీ రాదు, ఎందుకంటే కుటుంబాలకి ఒక హద్దు దాటాక సేల్స్ టాక్స్ భాగం ప్రతి డాలర్‌కీ 4 సెంట్లు, ఇంటిపన్ను భాగం 2 సెంట్లు కరిగిపోతూ ఉంటుంది. 74 వేల దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఖాళీ. సీసీబీతో పాటు కలిపి ఇచ్చే ఒంటారియో చైల్డ్ బెనిఫిట్ కూడా అంతే. 2025 జులై - 2026 జూన్ సంవత్సరానికి ఒక్కో పిల్లకి నెలకి 143 డాలర్ల 91 సెంట్ల దాకా ఇస్తారు గానీ 26,364 దాటాక 8 శాతం చొప్పున తగ్గుతుంది, మీ దగ్గరికి సున్నా. నోటీసులో ఆ సున్నా చూసి ఎవరో తప్పు చేశారని ఫోన్లు చేయకండి, గంటసేపు లైన్లో ఉంచి అదే సున్నా చెప్తారు. అయినా ఫారం మాత్రం ప్రతి ఏడాదీ నింపండి, ఒక ఏడాది ఉద్యోగం పోతే అదే ఆదుకుంటుంది.

కాల్గరీ ఫ్రెండ్ సంగతి. ఆయన ఎప్పుడు మారాడు? నవంబర్‌లో అన్నారు కదా. ప్రావిన్స్ టాక్స్‌కి రూలు చాలా మొరటుగా ఉంటుంది, డిసెంబర్ 31న మీరు ఏ ప్రావిన్స్ నివాసి అయితే ఏడాది మొత్తానికీ ఆ ప్రావిన్స్ టాక్సే. పది నెలలు ఒంటారియోలో పని చేసినా సరే. ఆయన కంపెనీ జీతంలో టాక్స్ ఒంటారియో లెక్కన కోసింది, రిటర్న్ ఆల్బర్టా లెక్కన వేశాడు, తేడా తిరిగొచ్చింది. రిఫండ్ అంటే ప్రభుత్వం ఇచ్చిన బహుమతి కాదు, ఏడాది పొడుగునా ఎక్కువ కోసిన మన డబ్బే. అందుకే ఇద్దరి రిఫండ్లు పక్కపక్కన పెట్టి ఏ ప్రావిన్స్ మంచిదో తేల్చలేం.

అలాగని ఆల్బర్టాలో లాభమే లేదని కాదు. లాభం ఉంది, అయితే జనం అనుకునే చోట కాదు. పిల్లల బెనిఫిట్ చూస్తే, ఆల్బర్టా చైల్డ్ అండ్ ఫ్యామిలీ బెనిఫిట్ మూడు నెలలకోసారి వేస్తారు, తక్కువ ఆదాయం వాళ్ళకి చాలా ఉపయోగం, మీ ఆదాయానికి అక్కడా సున్నాయే. 2025 టాక్స్ రేట్లు చూస్తే ఆల్బర్టాలో మొదటి 60 వేల మీద 8 శాతం, ఆ పైన 10. ఒంటారియోలో మొదటి 52,886 మీద 5.05 శాతమే, ఆ పైన 9.15. రేట్లలో ఒంటారియోనే తక్కువ! కానీ టాక్స్ పడని మొదటి మొత్తం ఆల్బర్టాలో 22,323, ఇక్కడ 12,747. అసలు కీలకం ఏమిటంటే సంపాదన లేని భార్య లేదా భర్త కోసం ఇచ్చే క్రెడిట్. ఆల్బర్టాలో అది కూడా 22,323 మీదే, విలువ 1,786 డాలర్లు. ఒంటారియోలో పదివేల పైచిలుకు మీద 5.05 శాతం, అంటే అయిదొందల యాభై దగ్గర. దానికి తోడు ఒంటారియోలో హెల్త్ ప్రీమియం అని టాక్స్‌లోనే కలిపి తీసుకుంటారు, మీ ఆదాయానికి 750 డాలర్లు. ప్రీమియం అంటారు గానీ అదీ టాక్సే, హెల్త్ కార్డుతో దానికి సంబంధం లేదు.

ఇవన్నీ వేసి చూస్తే 78 వేల జీతం, ఇంట్లో ఒక్కరి సంపాదనే ఉన్నప్పుడు కాల్గరీలో ఏడాదికి పదిహేను వందల డాలర్ల పైన మిగులుతుంది. పెళ్ళికాని వాడికైతే తేడా కొద్ది వందలే. మీ ఆవిడ ఉద్యోగంలో చేరి పాతికవేలు సంపాదించడం మొదలుపెట్టారా, ఆ భార్య క్రెడిట్ రెండుచోట్లా పోతుంది, తేడా కూడా కొంత తగ్గుతుంది. ఆ పదిహేను వందల కోసం సామాను ట్రక్కు, కొత్త స్కూలు, అక్కడి చలి... నేనైతే టాక్స్ కోసం మారను. ఉద్యోగం బాగుంటే మారండి, అద్దె తక్కువైతే మారండి, సేల్స్ టాక్స్ కూడా 13 బదులు 5 శాతమే, అవి నిజమైన కారణాలు.

మిగతా ప్రావిన్సుల గురించి ఒక్క మాట, ఇక్కడ చదివేవాళ్ళు అన్నిచోట్లా ఉన్నారు కాబట్టి. బ్రిటిష్ కొలంబియా ఫ్యామిలీ బెనిఫిట్ సీసీబీతోనే కలిసి వస్తుంది, అక్కడ మధ్యతరగతి ఆదాయాలకి కూడా, 2025-26లో 94 వేల దగ్గర వరకూ, కొంత కనీస మొత్తం వదలకుండా ఇస్తారు. క్యూబెక్ దారే వేరు, టాక్స్ రిటర్నులు రెండు వేయాలి, పిల్లల అలవెన్సు రిట్రెట్ క్యూబెక్ అనే సంస్థ ఇస్తుంది, సీసీబీ దానికి అదనం. మానిటోబాలో తక్కువ ఆదాయం వాళ్ళకిచ్చే పిల్లల బెనిఫిట్‌కి ప్రావిన్స్‌కే విడిగా అప్లై చేయాలి, సీఆర్‌ఏ దగ్గర వేసి ఊరుకుంటే రాదు.

ప్రావిన్స్ మారడం కన్నా మీకు ఎక్కువ పనికొచ్చేది ఇంకొకటుంది. రిటర్న్‌లో 23600 అని ఒక లైన్ ఉంటుంది, నికర ఆదాయం. సీసీబీ, ట్రిలియం, ప్రావిన్స్ పిల్లల డబ్బులు, అన్నీ ఇద్దరి 23600 కలిపి చూసి ఇచ్చేవే. ట్యూషన్ క్రెడిట్, భార్య క్రెడిట్, విరాళాల క్రెడిట్, ఇవన్నీ ఆ లైన్ దాటాక వస్తాయి. కట్టాల్సిన టాక్స్‌ని తగ్గిస్తాయి తప్ప బెనిఫిట్‌ని పైసా పెంచవు. ఆ లైన్‌కి ముందే తగ్గించేవి ఆర్‌ఆర్‌ఎస్‌పీ (రిటైర్‌మెంట్ పొదుపు ఖాతా), ఎఫ్‌హెచ్‌ఎస్‌ఏ (మొదటి ఇంటి కోసం పొదుపు ఖాతా), డేకేర్ ఖర్చు లాంటివి.

మీకు 2024 సంపాదన మీద 18 శాతం ఆర్‌ఆర్‌ఎస్‌పీ రూమ్ (పెట్టగలిగే పరిమితి) వచ్చి ఉంటుంది, అంటే పన్నెండు వేల పైన, రిటర్న్ చూశాక సీఆర్‌ఏ పంపే నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్ చివరి భాగంలో ఉంటుంది, చూసుకోండి. 2025 ఖాతాలో వేసుకోవడానికి గడువు 2026 మార్చి 2. 8 వేలు పెట్టగలిగితే మీ శ్లాబులో ఫెడరల్, ఒంటారియో కలిపి 29.65 శాతం, 2,372 డాలర్ల టాక్స్ తగ్గుతుంది. పైగా కుటుంబ ఆదాయం 78 నుంచి 70 వేలకి దిగింది కాబట్టి 2026 జులై నుంచి ఏడాదికి 1,080 డాలర్ల సీసీబీ అదనంగా వస్తుంది. మొత్తం 3,452. బ్రాంప్టన్ కదలకుండానే కాల్గరీ లాభానికి రెట్టింపు! తిరకాసు కూడా చెప్పాలి, ఆ డబ్బు మధ్యలో తీస్తే తీసిన ఏడాది ఆదాయంగా కలుస్తుంది, సీసీబీ మళ్ళీ తగ్గుతుంది. రెండు మూడేళ్ళలో ఇండియా వెళ్ళిపోయే ఆలోచన ఉంటే, వెళ్ళాక ఒకేసారి తీసుకున్నప్పుడు సాధారణంగా 25 శాతం పట్టుకుని ఇస్తారు. అప్పు చేసి మాత్రం పెట్టకండి.

ఎఫ్‌హెచ్‌ఎస్‌ఏ ఏడాదికి 8 వేల దాకా పెట్టొచ్చు, మంచిదే, కానీ మొదటి ఇల్లు కొనేవాళ్ళకి. హైదరాబాద్‌లో సొంత ఫ్లాట్ ఉండి ఈ నాలుగేళ్ళలో అందులో కాపురం ఉన్నారా? అదీ లెక్కే, కెనడాలో ఇల్లు లేదు కదా అంటే కుదరదు. నాన్నగారి పేరు మీద ఉన్న ఇంట్లో ఉంటే ఇబ్బంది లేదు. బ్యాంకులో అకౌంట్ తెరిచే అమ్మాయి ఇది అడగదు, బాధ్యత మీదే.

ఆవిడ ఉద్యోగంలో చేరాక డేకేర్ రసీదులు దాచండి. ఏడేళ్ళ లోపు పిల్లకి 8 వేలు, పెద్దాడికి 5 వేల దాకా తగ్గించుకోవచ్చు, సాధారణంగా ఇద్దరిలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళ రిటర్న్‌లో. దానిమీద ఒంటారియో కేర్ క్రెడిట్ అని ఇంకొకటుంది, కుటుంబ ఆదాయం లక్షన్నర దాకా, టాక్స్ లేకపోయినా డబ్బుగానే ఇస్తారు. ఆవిడకి సంపాదన లేనంతవరకు ఈ రెండూ మీకు వర్తించవు. ఈలోగా జీతంలో టాక్స్ కోత కోసం ఆఫీసులో ఇచ్చే టీడీ1 ఫారాలు, ఫెడరల్‌దీ ఒంటారియోదీ, మళ్ళీ నింపి భార్య క్రెడిట్ క్లెయిమ్ చేయండి, మొదట్లో ఒంటరిగా వచ్చినప్పుడు నింపినవే ఇంకా నడుస్తూ ఉంటాయి. ప్రతి జీతంలోనూ కోత తగ్గుతుంది.

చాలామంది దాచేది చివరగా. ఇండియాలో ఎన్‌ఆర్‌ఈ (ఎన్నారైల ఖాతా) డిపాజిట్ వడ్డీకి అక్కడ టాక్స్ లేదు, కానీ ఇక్కడ నివాసి అయ్యాక అది మీ ఆదాయమే, రిటర్న్‌లో చూపించాలి. ఇరవై లక్షల మీద 7 శాతం వడ్డీ అంటే రెండు వేల రెండొందల డాలర్ల పైన, మీ పరిస్థితిలో ప్రతి డాలర్‌లో 29.65 సెంట్లు టాక్స్‌కి, 13.5 సెంట్లు సీసీబీ కోతకి, మొత్తం 43 సెంట్లు పోతుంది. బాధే, కానీ దాచి సీసీబీ తీసుకుంటే రేపు తేలినప్పుడు టాక్సు, తీసుకున్న బెనిఫిట్టు రెండూ వడ్డీతో వెనక్కి లాగుతారు. అద్దెకిచ్చిన ఫ్లాటు, షేర్లు, డిపాజిట్లు కలిపి లక్ష డాలర్లు దాటితే విదేశీ ఆస్తులు చూపించే టీ1135 ఫారం కూడా ఉంది. వచ్చిన మొదటి ఏడాదికి మినహాయింపు, మీకు 2025 నుంచి వర్తిస్తుంది. ఆలస్యానికి రోజుకి 25 డాలర్లు, 2,500 దాకా పెనాల్టీ.

ముందు ఆవిడ 2024 రిటర్న్, వెంటనే ఆర్‌సీ66, మార్చి 2 లోపు ఆర్‌ఆర్‌ఎస్‌పీ సంగతి తేల్చుకోండి. మీ పర్మిట్ ఎప్పుడు ముగుస్తుందో రాయలేదు. రెన్యూ అయిన రోజే కొత్త కాపీ సీఆర్‌ఏకి పంపండి, పాత పర్మిట్ తేదీ దాటగానే సీసీబీ ఆపేస్తారు.